ముల్లుకు వినిపించిన పద్యం

యలమందకి గుంటూరులో ఇంకో పేరుంది. స్టాంపు యలమంద.

బ్రాడీపేటలో ఓ మందుల షాపు మేడ మీద, ఓ విదేశీ కంపెనీ ఖరీదైన ఆడియో సెట్లు బాగుచేసే సర్వీస్ సెంటర్ ఉండేది. ఆ కంపెనీ వారంటీ చూసేది ఈ చుట్టుపక్కల అదొక్కటే. అక్కడ యలమంద బల్ల మీద ఓ రబ్బరు స్టాంపు. దాని మీద రెండే మాటలు: వారంటీ వర్తించదు. డాక్టరుగారు తెచ్చినా, మిర్చి ఎగుమతుల షావుకారు తెచ్చినా, తప్పు వాడినవాళ్ళదని తేలిందా, టప్పుమని పడేది. తర్వాత ఎవరొచ్చి గడ్డం పట్టుకున్నా లాభం లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడికి అంత మొండితనం ఎందుకయ్యా అంటే, అతనికి ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడు మొహమాటానికి పోయి ఒక్క తప్పుడు రిపోర్టు రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

అలాంటి మహానుభావుడి ముందుకి, 2004 సెప్టెంబరులో, ముసురు పట్టిన మూడో రోజున ఓ అమ్మాయి వచ్చింది. ఆటోవాడూ తనూ చెరోవైపు పట్టుకుని, యూరియా సంచిలో చుట్టిన యాంప్లిఫయర్‌ని మెట్లెక్కించి బల్ల మీద దించారు. జడ కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి. కారితే కారాయి గానీ, నేరుగా యలమంద రిజిస్టరు మీదే కారుతున్నాయి.

"వారంటీ ఉందండీ. మూడేళ్ళు. కొని అయిదు నెలలు కూడా కాలేదు," అంది ఊపిరి తీసుకోకుండా.

"ముందు జడ వెనక్కి వేసుకోండి. పేరు?"

"లక్ష్మీదుర్గ. బిల్లు మా నాన్న చెంచురామయ్య పేరున ఉంది. నల్లపాడు."

కార్డు మీద డీలరు ముద్ర ఉంది. సీరియల్ నంబరు పెట్టె వెనక ఉన్నదానితో సరిపోయింది. సీలు చెక్కుచెదరలేదు. వంక పెట్టడానికి యలమందకి ఏమీ దొరకలేదు.

"ఏమైంది దీనికి?"

"మోగట్లేదు."

"మోగుతుంటే తీసుకురారు కదండీ. ఎట్లా ఆగిపోయింది?"

"నిన్న నాన్న ప్లగ్గు పెట్టాడు. నీలం లైటు వెలిగింది. ముళ్ళు రెండూ ఓసారి ఎగిరిపడ్డాయి. అంతే, ఠప్‌మంది."

ఆ యాంప్లిఫయర్ ముందరి అద్దంలో రెండు సన్నటి ముళ్ళుంటాయి. పాట ఎంత గట్టిగా మోగితే అంత కుడికి వాలతాయి. ఇప్పుడవి ఎడమ మూలన చలనం లేకుండా పడున్నాయి. యలమంద సీలు తెంచి, మరలు విప్పి, మూత ఎత్తాడు. ఎత్తీ ఎత్తగానే తుమ్మాడు. ఒకటి కాదు, వరసగా నాలుగు.

"జలుబా అండీ?"

"నాకు కాదు, మీ సెట్టుకే ఏదో ఉంది. ఎక్కడ పెట్టారు దీన్ని?"

"ఇంట్లోనే."

"మరి ఈ మిరపకాయ ఘాటేంటి?"

"గుంటూరండీ ఇది. ఇక్కడ గాలే అంత."

"గుంటూరు గాలి నేనూ పీలుస్తున్నాను. పీల్చినప్పుడల్లా తుమ్మట్లేదు." టార్చి వేసి లోపలికి చూశాడు. బోర్డంతా నీటి మరకలు. మర్ల తలల మీద తుప్పు. ఓ మూల నల్లగా మాడింది. "ఇది లోపల తడిసింది."

"వానలో తెచ్చాగా!"

"నిన్న కాలిపోయిందానికి ఇవాళ్టి వానతో ఏం సంబంధమండీ? చూడండి, వారంటీ అంటే ఒకటే లెక్క. తయారీలో తప్పుంటే కంపెనీది. దాచుకోవడంలో తప్పుంటే మనది. తడి, పిడుగు, కరెంటు హెచ్చుతగ్గులు, ఎలకలు, ఇవన్నీ మన ఖాతాలోవే. కార్డు వెనక చిన్నక్షరాల్లో రాసుంది."

"ఆ చిన్నక్షరాలు ఎవరు చదువుతారండీ?"

"ఎవరూ చదవరు. అందుకే నాకీ ఉద్యోగం."

స్టాంపు టప్పుమని పడింది. లక్ష్మీదుర్గ ఆ ముద్ర వంక చూసింది. తిడుతుందనుకుని యలమంద సిద్ధంగా కూర్చున్నాడు. తిట్టలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"మీకు చెవులు బాగున్నాయి. అందుకే ఇంత తేలిగ్గా వేసేశారు," అని సెట్టు అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయింది.

ఆ మాటేమిటో యలమందకి అర్థం కాలేదు. రాత్రి అన్నం దగ్గర కూడా అదే మాట గుర్తొచ్చింది. తిట్టినా బాగుండుననిపించింది.

మర్నాడు షట్టరు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. "నిన్న అబద్ధం చెప్పానండీ," అంది లేస్తూనే. "నేను నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. మా ఇంటి స్లాబు కారుతోంది. బాగుచేయించేదాకా సెట్టు తడవకూడదని మా నాలుగో ఛాంబర్లో, మిరప టిక్కీ బస్తాల మధ్య పెట్టించాను. నలభై రోజులుంది."

"కోల్డ్ స్టోరేజీలోనా!"

"నవ్వకండి. మా వైపు విలువైన సరుకేదైనా దాచుకునే చోటు అదే కదండీ. కాయ ఏడాదున్నా రంగు పోదు. సెట్టుకి మాత్రం ఏమవుతుందనుకున్నాను."

యలమందకి నిజంగానే నవ్వొచ్చింది గానీ ఆమె మొహం చూసి మింగేశాడు. "లోపల ఉన్నంతసేపూ ఏం కాదండీ. బయటికి తెచ్చాకే చిక్కు. చల్లటి ఇనుముకి మన గాలి తగిలితే, ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులా లోపలా బయటా నీళ్ళు పట్టేస్తుంది. ఒక్క రోజు ప్లగ్గు పెట్టకుండా వదిలేసుంటే ఆరిపోయేది."

"నాన్న ఒక్క గంట కూడా ఆగలేదు. ఆగే టైము లేదండీ ఆయనకి."

అప్పుడు చెప్పింది అసలు సంగతి. చెంచురామయ్య ముప్ఫై ఏళ్ళు పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించినవాడు. ఈ ఏడు మొదట్లో చెవిలో హోరు మొదలైంది. నరం ఎండిపోతోంది, మిషన్ పెట్టినా లాభం లేదు, మహా అయితే ఏడాది అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. మూడో రోజు ఎకరం చేను అమ్మి ఈ సెట్టు కొన్నాడు. ఊరంతా పిచ్చోడన్నారు. ఉన్న కాసిని రోజుల చెవిని మంచి చప్పుడుకే ఖర్చుపెడతానన్నాడు.

"సింగరాయకొండలో ఆడిన నాటకం టేపొకటి ఉంది. కృష్ణుడు వేసింది నాన్న స్నేహితుడు లాల్ అహ్మద్. దాన్ని సీడీ చేయించుకుని రోజూ వినేవాడు. అమ్మ పోయాక మా ఇంట్లో మాట్లాడే మూడో మనిషి ఆ సెట్టేనండీ. దాన్ని నేనే చంపాను. కంపెనీవాడు పాడు సరుకు అంటగట్టాడని నాన్న అనుకుంటున్నాడు. మీరూ అదే రాయండి. తయారీ లోపమని రాస్తే కొత్తది ఇస్తారుగా?"

"ఇస్తారు. కానీ నేను రాయలేను."

"ఒక్క అబద్ధం, యలమంద గారూ!"

"రాయలేనండీ," అన్నాడు. అన్నాక తనమీద తనకే అసహ్యమేసింది. "మీరు జరిగింది జరిగినట్టు రాసివ్వండి. చెన్నై ఆఫీసుకి పంపి, దయచూడమని నేనూ కింద రాస్తాను. అంతవరకే నా చేతిలో ఉంది."

ఆమె కోపంగానే రాసింది. కాగితం చిరిగేటంత గట్టిగా రాసింది.

పదిహేను రోజులకి జవాబొచ్చింది. వారంటీ వర్తించదు, బోర్డు పంపుతాం, ఖర్చు కొన్నవారిదే, మార్చిన బోర్డుకి తొంభై రోజుల వారంటీ. దయ అన్న మాట ఎక్కడా లేదు. యలమంద మజూరీ మాత్రం తీసుకోనన్నాడు. ఓనరు రామాంజనేయులు కళ్ళద్దాల మీదుగా చూసి, "ఒరేయ్, నీకు జ్వరమేమన్నా వచ్చిందా?" అని అడిగాడు.

బోర్డు ఓడలో రావాలి. దుర్గ రోజూ కోల్డ్ స్టోరేజీ ఆఫీసు నుంచి ఫోన్ చేసేది.

"వచ్చిందా?"

"రాలేదండీ."

"మీరు కావాలనే ఆపుతున్నారేమో."

"అవునండీ. మీ ఫోన్ కోసం."

వేళాకోళానికి అన్న మాటే. "అట్లాగైతే రేపట్నుంచి చేయను," అని పెట్టేసింది. మర్నాడు సరిగ్గా అదే టైముకి మోగింది. కానీ రాను రాను ఆ ఫోన్లలో నవ్వు తగ్గిపోయింది. నాన్న టీవీ సౌండు పెంచుతున్నాడంది. కుక్కర్ కూత వినపడలేదట ఒకరోజు. అక్టోబరు ఆఖర్లో ఓరోజు ఫోన్ చేసింది. "ఇవాళ నల్లపాడు స్టేషన్లో రైలు కూతేసుకుంటూ పోయింది. ఈరోజు రైలు రాలేదేంటమ్మాయ్ అన్నాడు నాన్న," అంది. యలమంద ఫోన్ పెట్టేసి చెన్నైకి ఫోన్ చేసి, జీవితంలో మొదటిసారి ఎవరిమీదో అరిచాడు.

దీపావళి వెళ్ళిన రెండో రోజు, ఆదివారం, బాగైన సెట్టు తీసుకుని నల్లపాడు వెళ్ళాడు. చెంచురామయ్య తలకి నూనె రాసుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, స్టేజీ ఎక్కబోతున్నవాడిలా కూర్చుని ఉన్నాడు. సీడీ పెట్టారు. నీలం లైటు వెలిగింది. లాల్ అహ్మద్ గొంతెత్తాడు. వెనకాల హార్మోనియం. యలమంద ఒళ్ళు జలదరించింది. పద్యం చివర రాగం పైపైకి ఎక్కింది, ముళ్ళు రెండూ కుడి చివరికి వాలాయి, టేపులోని జనం ఒన్స్‌మోర్ అని అరిచారు.

చెంచురామయ్య చెయ్యెత్తాడు. "అబ్బాయ్, కింది శ్రుతి ఓ మోస్తరుగా వస్తోంది. పైన ఏదీ? అక్కడ లాల్ అహ్మద్ గంధర్వుడిలా లేస్తాడు. ఇదేంటి, నోరు మూసేసినట్టుంది?"

దుర్గ గోడకి ఆనుకుపోయింది. యలమంద ఆమె వంక చూశాడు. సెట్టు దివ్యంగా మోగుతోంది. పోయింది సెట్టు కాదు. అది బాగై వచ్చేసరికి ఏడు వారాలు ఆలస్యమైంది.

స్టాంపు యలమంద గొంతు సవరించుకున్నాడు. "అవును మాస్టారూ," అన్నాడు గట్టిగా. "ట్రెబుల్, అదే పై శ్రుతి, తగ్గింది. కొత్త బోర్డు కదా, కుదురుకోవాలి. తొంభై రోజులు వారంటీ ఉంది. నేను ప్రతి ఆదివారం వచ్చి సరిచేస్తాను."

ఆ విధంగా, కంపెనీకి ఒక్క అబద్ధం రాయనన్నవాడు, సెలవు రోజున స్కూటరేసుకొచ్చి పన్నెండు ఆదివారాలు అబద్ధమాడాడు. మూత విప్పేవాడు, లోపల దుమ్ము తుడిచేవాడు, మూత బిగించేవాడు. జాబ్ కార్డు మీద 'ట్రెబుల్ సరిచేశాను' అని రాసేవాడు. చెంచురామయ్య విని, "పోయిన వారం మీద నయం. కానీ ఇంకా పైన రావట్లా. మళ్ళీ రా," అనేవాడు. దుర్గ టీ ఇచ్చేది.

"పంచదార వేశారా?"

"వేశాను. తీపి తెలీకపోతే మీ నాలిక్కి వారంటీ అయిపోయినట్టే."

మొదట్లో ఇలాగే నవ్వుకునేవాళ్ళు. సంక్రాంతి దాటాక నవ్వులు పోయాయి. చెంచురామయ్యకి ఏం చెప్పాలన్నా పలక మీద రాయాల్సి వస్తోంది. ఫిబ్రవరి మొదటి ఆదివారం దుర్గ గేటు దాకా వచ్చింది.

"ఇంక రావద్దు."

"అదేంటి?"

"నేను బతిమాలినప్పుడు ఒక్క అబద్ధం రాయలేదు మీరు. ఇప్పుడు వారం వారం ఆడుతున్నారు. మామీద జాలి. అంతేగా? సెట్టు బాగుంది నాన్నా, నీ చెవులే పోయాయని చెప్పే ధైర్యం నాకు లేదు, మీకూ లేదు. వచ్చే శనివారంతో మీ తొంభై రోజులు అయిపోతాయి. అక్కడితో వదిలేయండి."

జాలి కాదు అనాలి. వారంటీ కార్డు వెనకున్న పదిహేడు షరతులూ గడగడా అప్పజెప్పేవాడికి, గేటు దగ్గర ఒక్కమాట రాలేదు. స్కూటరు కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా దిక్కుమాలిన అకాల వాన. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయ మీద పట్టాలు కప్పి రైతులు ఆకాశం వంక చూస్తూ కూర్చున్నారు. శనివారం వెళ్ళిపోయింది. యలమంద జాబ్ కార్డు మీద 'వారంటీ ముగిసింది' అని రాసి ఫైల్లో పెట్టేశాడు. ఆదివారం పొద్దున లేచి, ఇవాళ వెళ్ళేది లేదనుకున్నాడు. పది గంటలకి తడిసి ముద్దయి నల్లపాడులో ఉన్నాడు.

తలుపు తీసిన దుర్గ, "రావద్దన్నానుగా," అంది. కానీ తువ్వాలు తెచ్చిచ్చింది.

చెంచురామయ్య మంచం మీద కూర్చుని పలకా బలపం ముందుకి తోశాడు. "ఏం అబ్బాయ్. నిన్నటితో వారంటీ అయిపోయింది గదా. మరి ఎందుకొచ్చావు?"

చెవులు పోయాక ఆయన గొంతు పెద్దదైంది. ఆ ప్రశ్న వీధిలోకి కూడా వినపడుంటుంది. యలమంద సామాన్ల సంచి కింద పెట్టాడు.

"ఎవరూ చెప్పకపోతే తెలీదనుకున్నావా నాకు? ఆ కార్డు వెనక చిన్నక్షరాలన్నీ చదివాను. వినపడనివాడికి చదువుకోవడం తప్ప ఇంకేం పనుంటుంది? సెట్టు బాగుంది. మొదటి ఆదివారం నుంచే బాగుంది."

"నాన్నా!" అంది దుర్గ.

ఆయనకి వినపడలేదు. వేలు సెట్టు వైపు చూపించాడు. "లాల్ అహ్మద్ పైకెక్కినప్పుడల్లా ముల్లు చివరిదాకా వాలుతోంది. ముల్లుకి వినిపించింది, నాకు వినిపించలేదు. ఇంక లోపం ఎక్కడుందో తెలుసుకోలేనంత వెర్రివాణ్ణా? ఆ రోజు మీ ఎదుటే చెవులు పోయాయని ఏడుద్దామనుకున్నాను. ఇంతలో నువ్వు అవును మాస్టారూ అన్నావు. అంత మొండివాడివట, బ్రాడీపేటంతా చెప్పుకుంటారు. నువ్వు అబద్ధమాడితే మా అమ్మాయి నీ వంక చూసింది. ముప్ఫై ఏళ్ళు నాటకాల్లో ఉన్నానబ్బాయ్, ఆ చూపు నాకు తెలుసు. అందుకని నేనూ పై శ్రుతి రాలేదు, మళ్ళీ రా అంటూ వచ్చాను. పన్నెండు ఆదివారాలు వేషం కట్టాను. ఇద్దరిలో ఒక్కరూ నోరు తెరవలేదు. నాకు విసుగొచ్చింది."

దుర్గ ఏడుస్తూ పలక లాక్కుని గబగబా రాసింది: సెట్టు పాడుచేసింది నేనే. కోల్డ్ స్టోరేజీలో పెట్టాను.

చెంచురామయ్య చదివాడు. "పిచ్చిమొహమా, సెట్టు చుట్టిన సంచి విప్పగానే మిరపకాయ ఘాటు. నాకు పోయింది చెవులు, ముక్కు కాదు. తెలిసే ప్లగ్గు పెట్టాను. ఆగలేక పెట్టాను. తప్పు నాది. నువ్వు ఎక్కడ కుమిలిపోతావోనని కంపెనీని తిట్టాను." కూతురి తల దగ్గరికి తీసుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. వాన హోరు మధ్య ఆమె వెక్కిళ్ళు యలమంద ఒక్కడికే వినపడుతున్నాయి.

చివరికి ఆయన అతని వైపు తిరిగాడు. "ఎందుకొచ్చావో చెప్పలేదు నువ్వు."

యలమంద పలక అందుకున్నాడు. రాశాడు: దుర్గ కోసం. జాలితో కాదు.

ఆ పలక ముందు దుర్గకి చూపించాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, పలక తీసుకుని, కింద ఏదో రాసి తండ్రికిచ్చింది. చెంచురామయ్య పైకే చదివాడు. "ఈయనకి వారంటీ ఎన్నేళ్ళో కనుక్కో నాన్నా." చదివి, ఆ ఇంట్లో ఎన్నాళ్ళ తర్వాతో, గట్టిగా నవ్వాడు. నవ్వు మధ్యలోనే కళ్ళు తడిసిపోయాయి.

"మీ పెద్దవాళ్ళని తీసుకురా. లాల్ అహ్మద్‌కి కబురు పెడతాను. వాడికి గొంతు పోయింది, నాకు చెవి పోయింది. ఇద్దరం పెళ్ళిలో బుద్ధిగా కూర్చుంటాం," అన్నాడు. "ఇప్పుడా సీడీ పెట్టు. మీరన్నా వినండి."

యలమంద సీడీ పెట్టాడు. నీలం లైటు వెలిగింది. చెంచురామయ్య మంచం దగ్గరికి లాక్కుని, ముళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు. లాల్ అహ్మద్ పద్యం ఎత్తుకున్నాడు. ముసలాయన వేళ్ళు మంచం పట్టె మీద కదిలాయి, ముల్లు లేచినప్పుడు లేస్తూ, వాలినప్పుడు వాలుతూ. రాగం చివరికెక్కింది. ముళ్ళు రెండూ కుడికి ఒరిగి వణుకుతూ నిలబడ్డాయి.

"ఒన్స్‌మోర్!" అని అరిచాడు చెంచురామయ్య.

యలమంద సీడీని మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు.